ఇంట్లో కారు పనికి ఇంపాక్ట్ రెంచ్: ఎంత శక్తి కావాలి, ఏ రకం కొనాలి?

చంపావతి_తీరం (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. ఇంట్లో కారు పనులు చేసుకోవడానికి ఒక ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బ మీద దెబ్బ కొడుతూ నట్లను తిప్పే గన్ను) కొనాలని నిశ్చయించుకున్నాను గాని, ఏది కొనాలో తేల్చుకోలేక ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మా ఇంట్లో ఎనిమిదేళ్ల నాటి మారుతి స్విఫ్ట్ ఒకటి, మా నాన్నగారు వాడిన పదిహేనేళ్ల నాటి డీజిల్ కారు ఒకటి ఉన్నాయి. టైర్లను ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, షాక్ అబ్జార్బర్లు మార్చడం వంటి పనులు ఆదివారాల్లో ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేనే చేసుకుంటాను.

గత నెలలో భోగాపురం దగ్గర జాతీయ రహదారి మీద స్విఫ్ట్ ముందు టైరు పంక్చరయింది. కారుతో వచ్చిన వీల్ స్పానర్ మీద రెండు కాళ్లతో నిలబడినా నాలుగు నట్లలో రెండు కదలలేదు. మూడవదాన్ని విప్పుతుండగా నట్టుతో పాటు అది ఎక్కే స్టడ్డు, అంటే మరల కడ్డీ కూడా తెగి చేతికి వచ్చింది. అంతకు రెండు నెలల ముందు ఒక టైర్ల దుకాణంలో గాలి గన్నుతో వాటిని బిగించారు. ఎంత బిగించారో బిగించినవారికే తెలియదు. ఆ రోజు మా అమ్మగారు, పిల్లలు రోడ్డు పక్కన ఎండలో గంటన్నర నిలబడవలసి వచ్చింది.

బ్యాటరీదా, కరెంటు తీగదా, గాలిదా అన్నది నా మొదటి సందేహం. తిప్పే బలం 300 న్యూటన్ మీటర్లు చాలునా, 1000 కావాలా అన్నది రెండవది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే "48వీఎఫ్", "88వీఎఫ్" అనే గన్నులు నిజంగా అంత వోల్టేజీవేనా అన్నది మూడవది. సాకెట్లతో (గన్ను తలకు తగిలించి నట్టు మీద కూర్చోబెట్టే గిన్నెలతో) సహా మొత్తం పాతికవేల రూపాయలు దాటకూడదు.

పాత_ఫిట్టర్ (ఆమదాలవలస)

చంపావతి గారూ, గన్ను సంగతికి ముందు మీ నట్టు సంగతి చూద్దాం. మీ బరువు 70 కిలోలు, స్పానర్ పిడి 30 సెంటీమీటర్లు అనుకుంటే, మీరు దాని చివర నిలబడినప్పుడు నట్టు మీద పడిన టార్క్, అంటే తిప్పే బలం సుమారు 206 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల చక్రాల నట్లకు తయారీదారులు చెప్పే బిగింపు సాధారణంగా 85 నుంచి 110 మధ్య ఉంటుంది. మీ కారుకు కచ్చితంగా ఎంతో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే ప్రమాణం. అంటే ఉండవలసినదానికి రెండింతలు పెట్టినా మీ నట్లు కదలలేదు. 12 మిల్లీమీటర్ల స్టడ్డును అంత బిగువుతో లాగితే అది సాగుతుంది, ఒకసారి సాగిన స్టడ్డు మళ్లీ మునుపటి స్థితికి రాదు. కాబట్టి తెగినదానితో పాటు ఆ చక్రానికి మిగిలిన మూడు స్టడ్లనూ మార్చించండి. ఇది గన్ను కొనడం కన్నా ముందు చేయవలసిన పని.

ఇక నేను 32 ఏళ్లు మోటారు వర్క్‌షాపుల్లో పనిచేసి నేర్చుకున్నది ఒకటి చెబుతాను. ఇంపాక్ట్ రెంచ్ విప్పడానికి; బిగించడానికి మాత్రం టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్. మీ బడ్జెట్‌లో టార్క్ రెంచ్‌కు ముందుగా సొమ్ము పక్కన పెట్టి, మిగిలినదాంతో గన్ను చూడండి. అరంగుళం చదరపు తల, సుమారు 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల వరకు కొలిచేది, టిక్కుమని శబ్దం చేసే రకం సరిపోతుంది. పని అయ్యాక దాని స్ప్రింగు మీద ఒత్తిడి లేకుండా స్కేలును అడుగు అంకెకు తిప్పి పెట్టండి.

రాజాం_గాలిగన్ను (రాజాం)

నేను గాలి గన్ను పక్షం. గన్ను ధర తక్కువ, లోపల మోటారు కాలిపోవడమన్నది ఉండదు, రోజూ రెండు చుక్కల నూనె వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. నా చేతిలో ఉన్నది పన్నెండేళ్ల నాటిది.

అయితే గన్నును చూసి ధర తక్కువని మురిసిపోకూడదు, అసలు ఖర్చంతా కంప్రెసర్ దగ్గర ఉంది. అరంగుళం గన్నుకు 90 పీఎస్ఐ, అంటే సుమారు 6.2 బార్ ఒత్తిడి గన్ను దగ్గర ఉండాలి, ట్యాంకు దగ్గర ఉంటే చాలదు. ఇళ్లలో వాడే ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ నిమిషానికి 3, 4 ఘనపు అడుగులకు మించి గాలి ఇవ్వలేదు. 25 లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మొదటి రెండు నట్లు చకచకా వస్తాయి, మూడవదానికి శబ్దం మారుతుంది, నాలుగవదానికి మోటారు మళ్లీ నింపేవరకు కూర్చోవాలి. సన్నని పైపు వాడితే ఉన్న ఒత్తిడి కూడా దారిలోనే పోతుంది. పైగా మన ప్రాంతపు తేమకు ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. వానాకాలంలో మా ట్యాంకు అడుగు కుళాయి విప్పితే రోజూ అర గ్లాసు నీరు వస్తుంది. ఆ నీరు గన్నులోకి పోతే లోపలి రెక్కలు తుప్పు పడతాయి.

మీకు పెయింటు పని, గాలి నింపడం వంటి ఇతర అవసరాలుండి పెద్ద కంప్రెసర్ ఎలాగూ కొనేవారైతే గాలి గన్ను తీసుకోండి. ఒక్క నట్ల కోసమే అయితే నా పక్షాన్ని నేనే మీకు సిఫారసు చేయను.

లారీబాడీ (సాలూరు)

మా ఊరిలో లారీల పని ఎక్కువ కాబట్టి నాకు అలవాటైనది అంగుళం తల గన్ను. కార్లకు అది పనికిరాదని తెలుసు. అయినా నా సలహా ఒకటే: కొంటే అరంగుళంలో 1000 న్యూటన్ మీటర్ల తరగతి గన్నే కొనండి. తక్కువ శక్తిది కొని, రేపు నట్టు కదలకపోతే మళ్లీ కొనాలి. శక్తి ఎక్కువైతే నష్టమేమిటి? మీట మీద వేలు నెమ్మదిగా నొక్కితే సరిపోతుంది.

పాత_ఫిట్టర్ (ఆమదాలవలస)

లారీబాడీ గారూ, లారీ చక్రం నట్టుకు, కారు చక్రం నట్టుకు ఉన్న తేడాయే ఇక్కడ అసలు విషయం. మీ చేతిలో రోజూ ఆడే పరికరం మీద మీకున్న అదుపు, నెలకొక ఆదివారం పట్టుకునేవారికి ఉండదు. 1000 న్యూటన్ మీటర్ల గన్ను బ్యాటరీతో కలిపి 3 కిలోలు దాటుతుంది. కారు కింద పడుకొని, చేతులు పైకెత్తి దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. షాక్ అబ్జార్బర్ వెనుక, చక్రం లోపలి సందుల్లో దాని తల పట్టదు కూడా.

అంత శక్తి ఎక్కడ కావాలో అక్కడ కావాలి. ముందు చక్రాల హబ్ నట్టుకు (చక్రం నడిమధ్యన యాక్సిల్‌ను పట్టి ఉంచేదానికి) చాలా కార్లలో సుమారు 200 న్యూటన్ మీటర్ల బిగింపు ఉంటుంది, దాని అంచును గాడిలోకి సుత్తితో కొట్టి వంచి ఉంచుతారు, దాని మీద ఏళ్ల తుప్పు చేరుతుంది. ఇంజిన్ బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ బోల్టు ఇంకా మొండిది. ఈ రెండింటికీ 500 దాటి విప్పగలిగే గన్ను సరిపోతుంది. అంతకు మించినది మన ఇళ్లలో చాలా అరుదుగా అవసరపడుతుంది.

సర్క్యూట్_మాష్టారమ్మ (విజయనగరం)

మూడవ సందేహానికి నేను సమాధానం చెబుతాను. నేను ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేదాన్ని. మా తమ్ముడు కొన్న "48వీఎఫ్" గన్ను బ్యాటరీ ఆరు నెలలకే చనిపోతే దాన్ని విప్పి చూశాను. లోపల పది లిథియం అయాన్ సెల్లులు, రెండేసి జంటలుగా ఐదు వరుసల్లో ఉన్నాయి. ఒక్కో సెల్లు సగటు వోల్టేజీ 3.6, నిండుగా ఛార్జి అయినప్పుడు 4.2. ఐదు వరుసలంటే సగటున 18 వోల్టులు, నిండినప్పుడు 21. అదే రకం రెండవ బ్యాటరీని నిండా ఛార్జి చేసి మల్టీమీటరు పెడితే 20.6 చూపింది. నిజంగా 48 వోల్టులు కావాలంటే 13 వరుసలుండాలి, అంత పెట్టె చేతి పిడి కింద పట్టదు. "వీఎఫ్" అన్నది వోల్టేజీ కొలమానం కాదు, ఆ గుర్తు పక్కనున్న అంకెకు విద్యుత్ శాస్త్రంలో అర్థం లేదు.

ఇదే లెక్కతో మరొకటి కూడా తేలుతుంది. పేరున్న సంస్థల్లో కొన్ని 18 అని, కొన్ని 20 అని రాస్తాయి. రెండింటిలోనూ ఉన్నవి ఐదు వరుసలే. ఒకరు సగటు రాశారు, ఒకరు గరిష్ఠం రాశారు. అందువల్ల 20 ఎక్కువని 18ని వదులుకోకండి. వోల్టేజీ కన్నా చూడవలసినది బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే ఆంపియర్ అవర్లు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 90 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, ఐదు వరుసల్లోనూ జంటలు లేక ఒక్కొక్క సెల్లే ఉన్న చిన్న బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు కాబట్టి, అదే గన్ను పెద్ద బ్యాటరీతో బలంగా, చిన్న బ్యాటరీతో నీరసంగా కొడుతుంది.

టార్క్ అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెట్టె మీద రెండు అంకెలుంటాయి. బిగించే టార్క్ ఒకటి, బిగిసిన నట్టును విప్పే టార్క్ ఒకటి. విప్పే అంకె ఎప్పుడూ పెద్దది, ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది అదే. ఒక గన్ను బిగించే అంకెను మరొక గన్ను విప్పే అంకెతో పోల్చితే పోలిక తప్పుతుంది. ఉదాహరణకు మకిటా డీటీడబ్ల్యూ300 బిగించేది 330, విప్పేది 580 న్యూటన్ మీటర్లు. అదే సంస్థ డీటీడబ్ల్యూ285 బిగించేది 280. బాష్ జీడీఎస్ 18వీ-400 బిగించేది 400. కరెంటు తీగవాటిలో మకిటా టీడబ్ల్యూ0350 మోటారు 400 వాట్లు, గరిష్ఠంగా 350. చంపావతి గారికి తగిన తరగతి ఇదే.

ఇంతకీ చంపావతి గారూ, మీ ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ డ్రిల్లు ఏదైనా ఉందా?

జీడితోట (పలాస)

కరెంటు తీగ గన్ను గురించి నా అనుభవం చెబుతాను. తోటలో షెడ్డుకు కరెంటు ఉంది కదా, బ్యాటరీ ముసలిదయ్యే బాధ ఉండదు కదా అని తీగ గన్నే కొన్నాను. మంచి పరికరం, ఈనాటికీ పనిచేస్తోంది. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడినప్పుడు జీడి, కొబ్బరి చెట్లు నేలకూలి, రోజుల తరబడి కరెంటు లేదు. రోడ్డు మీద పడిన మేకులు, రేకు ముక్కలు దిగి మా ట్రాలీకి, జీపుకు టైర్లు వరుసగా పంక్చరయ్యాయి. గన్ను గోడకు వేలాడుతుండగానే చేత్తో స్పానర్ పట్టి విప్పవలసి వచ్చింది. ఆ తరువాత బ్యాటరీ గన్ను కూడా కొన్నాను. దాన్ని కారు డిక్కీలో వేసుకొని వెళ్లవచ్చు. భోగాపురం దగ్గర మీకు జరిగినట్లు దారిలో జరిగితే తీగ గన్ను ఇంట్లోనే ఉంటుంది కదా. మే నెలలో మాత్రం బ్యాటరీని మూసిన కారులో వదిలేయకండి, ఆ వేడికి సెల్లులు త్వరగా పాడవుతాయి.

సముద్రానికి దగ్గరగా ఉండేవారికి మరొక మాట. భావనపాడు, కళింగపట్నం వైపు తిరిగే బండ్ల నట్లకు ఉప్పుగాలి తుప్పు లోపలి మరల దాకా పాకుతుంది. అటువంటి నట్టును గన్నుతో ఒకే పట్టున ఎడమకు కొట్టకండి. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి, ఉదయం వైరు బ్రష్షుతో బయటి మరలు తోమండి. తరువాత గన్నుతో కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు మార్చి మార్చి కొట్టండి. తుప్పు పొడిగా రాలి నట్టు దారికి వస్తుంది.

చంపావతి_తీరం (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. పాత ఫిట్టర్ గారు చెప్పినట్లు నాలుగు స్టడ్లూ మార్పించాను. తీసిన మూడింటిలో ఒకదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూస్తే మధ్యలో మరల దూరం కంటికి తెలిసేంతగా సాగి ఉంది. కొత్త నట్టు దాని మీద సగం దాకా వెళ్లి అక్కడే పట్టేసింది.

మాష్టారమ్మ గారూ, ఇల్లు కట్టినప్పుడు కొన్న 18 వోల్టుల మకిటా డ్రిల్లు ఉంది. దానికి 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు, ఛార్జరు ఒకటి ఉన్నాయి.

సర్క్యూట్_మాష్టారమ్మ (విజయనగరం)

అయితే మీ సమస్య సగం తీరింది. అదే సంస్థ, అదే వోల్టేజీ, అదే రకం బ్యాటరీ పట్టే గన్నును బ్యాటరీ, ఛార్జరు లేకుండా ఒట్టి పరికరంగా కొనండి. సెట్టు ధరలో పెద్ద భాగం బ్యాటరీలదే. బ్రష్‌లెస్ మోటారు ఉన్నదాన్నే తీసుకోండి, కార్బన్ బ్రష్షులు అరిగి మార్చే పని ఉండదు, అదే బ్యాటరీతో ఎక్కువ నట్లు వస్తాయి. శక్తిని మూడు నాలుగు మెట్లుగా తగ్గించుకునే బొత్తాము ఉంటే మరీ మంచిది.

పాత_ఫిట్టర్ (ఆమదాలవలస)

గన్ను తేలింది కనుక సాకెట్ల మాట చెప్పి తీరాలి. ఇంట్లో ఉన్న మెరిసే క్రోమ్ సాకెట్లను గన్నుకు తగిలించకండి. అవి చేతి పనికి గట్టిదనం కోసం చేసినవి, దెబ్బకు వంగవు, పగులుతాయి. నా ఉద్యోగం కొత్తలో తొందరపడి 19 నంబరు చేతి సాకెట్టును గాలి గన్నుకు పెట్టాను. మూడో దెబ్బకు దాని గోడ నిలువునా చీలింది, గోరంత ముక్క ఎగిరి నా చెవి పక్కనుంచి వెళ్లి షెడ్డు రేకుకు టంగుమని తగిలింది. అది కంటికి తగిలి ఉంటే ఈ మాటలు మీకు రాసే స్థితి నాకు ఉండేది కాదు. గన్ను పట్టే ప్రతిసారీ కళ్లద్దాలు పెట్టుకోండి. రేకుల షెడ్డులో ఆ శబ్దం రెండింతలవుతుంది, చెవులకూ రక్షణ ఉండాలి.

ఇంపాక్ట్ సాకెట్లు నల్లగా ఉంటాయి, క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో మందపాటి గోడతో చేస్తారు. ఆరు పలకలవే కొనండి, పన్నెండు పలకలవి నట్టు మూలలను తినేస్తాయి. మారుతి చక్రాలకు 19, హ్యుందాయ్, టొయోటా చక్రాలకు 21 ఎక్కువగా పనికి వస్తాయి. అలాయ్ చక్రాలుంటే సన్నని గోడ, బయట ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి తీసుకోండి, లేకపోతే చక్రం రంధ్రం చుట్టూ గీతలు పడతాయి. హబ్ నట్టుకు 30 కావచ్చు, 32 కావచ్చు, కొలిచిన తరువాతే కొనండి. పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు మధ్యలో పెడితే గన్ను దెబ్బలో కొంత దానిలోనే పోతుంది, కాబట్టి సాధ్యమైనంత వరకు పొడుగు సాకెట్టునే నేరుగా తగిలించండి.

లారీబాడీ (సాలూరు)

పాత ఫిట్టర్ గారి మాట నాకు నచ్చింది. నేను లారీ లెక్కలో మాట్లాడాను. అయితే నాదొక సందేహం. టైరు దుకాణాల్లో రోజుకు వందల నట్లు గన్నుతోనే బిగిస్తారు కదా, టార్క్ స్టిక్ అనే రాడ్డు పెట్టి బిగిస్తే సరిపోదా?

పాత_ఫిట్టర్ (ఆమదాలవలస)

ఆ రాడ్డు ఒక హద్దు దాటాక మెలిపడి దెబ్బను మింగుతుంది. కానీ ఆ హద్దు గన్ను శక్తిని బట్టి, ఎంతసేపు కొట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. హద్దుకు కిందనే ఆపి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో ఇచ్చేవారికి అది ఉపయోగపడుతుంది. అదే చివరి బిగింపు అనుకుంటే మాత్రం ఒకరోజు చంపావతి గారికి జరిగినదే మరొకరికి జరుగుతుంది.

నేను చేసే వరుస ఇది. కారు నేల మీద ఉండగానే నట్లను వదులు చేస్తాను. తరువాతే జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీద కూర్చోబెడతాను. మట్టి నేల అయితే స్టాండు కింద మందపాటి చెక్క పెట్టాలి, గన్ను అదురుకు స్టాండు కాలు మట్టిలోకి దిగుతుంది. ఎక్కించేటప్పుడు ప్రతి నట్టునూ మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పుతాను. గన్నుతో మొదలుపెడితే మర అడ్డంగా ఎక్కినా చేతికి తెలియదు. మరలకు నూనె, గ్రీజు పూయను, ఎందుకంటే నూనె మీద అదే టార్క్ పెడితే స్టడ్డు మీద పడే లాగుడు పెరుగుతుంది. ఎదురెదురు నట్ల వరుసలో కొద్దిగా బిగించి, కారు దించి, టార్క్ రెంచ్‌తో పూర్తి చేస్తాను. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూస్తాను. ఎక్కువ తక్కువలుగా బిగిస్తే బ్రేక్ డిస్కు వంకరపోయి, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగు వణుకుతుంది. దాన్ని జనం టైరు లోపమని అనుకుంటారు.

రాజాం_గాలిగన్ను (రాజాం)

దీనికి ఒక్కటి కలుపుతాను. స్పార్క్ ప్లగ్గులకు, ఇంజిన్ ఆయిల్ కింది బోల్టుకు, 6, 8 మిల్లీమీటర్ల చిన్న బోల్టులకు అరంగుళం గన్ను అసలు పెట్టకండి. అల్యూమినియం మరలు ఒక్క దెబ్బకు ఊడివస్తాయి.

చంపావతి_తీరం (విజయనగరం)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మకిటా డీటీడబ్ల్యూ300 ఒట్టి పరికరం, 40 నుంచి 200 వరకు కొలిచే టార్క్ రెంచ్, నల్ల సాకెట్లలో 17, 19, 21 కొన్నాను. మొత్తం నేను అనుకున్న పాతికవేలకు కొద్దిగా పైకి వెళ్లింది గాని, టార్క్ రెంచ్ విషయంలో తగ్గించుకోనందుకు సంతోషంగా ఉంది.

మొదట నాన్నగారి డీజిల్ కారు వెనుక చక్రం మీద ప్రయత్నించాను. చేతి స్పానర్‌కు లొంగని ఐదు నట్లనూ జీడితోట గారు చెప్పినట్లు ముందు రాత్రి నూనె పోసి, ఉదయం కుడి ఎడమలకు కొట్టి విప్పాను. నాలుగు వెంటనే వచ్చాయి. ఐదవది మూడు నాలుగు సెకన్లు కదలకుండా ఉండి, ఎర్రటి పొడి రాలుస్తూ తిరిగింది. స్విఫ్ట్ చక్రాన్ని మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించి, 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తే కొత్త స్టడ్లలో ఒకదాని నట్టు టిక్కుమనే ముందు కొద్దిగా తిరిగింది. మిగిలిన మూడూ ఉన్నచోటే ఉన్నాయి.

ఈ ఆదివారం స్విఫ్ట్ యాక్సిల్ రబ్బరు బూటు మార్చడానికి ముందు చక్రం హబ్ నట్టు విప్పాను. సాకెట్టు కొలిచిన తరువాతే తెచ్చాను. అంచు వంపును ముందు సన్నని ఉలితో సరిచేసి గన్ను పెడితే నట్టు వచ్చింది. ఆ పాత నట్టునే మళ్లీ వాడవచ్చునా?

పాత_ఫిట్టర్ (ఆమదాలవలస)

వాడకండి. దాని అంచు ఒకసారి వంచి తీసినది, రెండవసారి అక్కడే పగులుతుంది. కొత్తది తెచ్చి టార్క్ రెంచ్‌తో బిగించి, అంచును గాడిలోకి కొట్టండి. మీ మాన్యువల్‌లో ఆ అంకె 200 దాటితే మీ రెంచ్ చాలదు, పెద్దది అద్దెకో అరువుకో తీసుకోండి. మరొక మాట, ఆ నట్టు పూర్తిగా బిగించేవరకు చక్రం మీద కారు బరువు వేసి తిప్పకండి, వీల్ బేరింగు దెబ్బతింటుంది.

చంపావతి_తీరం (విజయనగరం)

అర్థమైంది. బూటు దొరికింది గాని నట్టు ఇక్కడ దొరకలేదు, విశాఖ నుంచి గురువారం వస్తుందన్నారు. అప్పటిదాకా కారు స్టాండ్ల మీదే ఉంటుంది.